తిరుమల మీదుగా గీత గీయవచ్చా?

రేణిగుంట_విద్యార్థి:
నిన్న పైలట్ శిక్షణలో గ్రౌండ్ క్లాసులో మొదలైన వాదన ఇంకా తెగలేదు. రేణిగుంట నుంచి పుట్టపర్తికి వీఎఫ్ఆర్ (బయటికి కంటితో చూస్తూ నడిపే పద్ధతి) ప్రయాణం కాగితం మీద ప్లాన్ చేయమన్నారు. స్కేలు పెట్టి గీశాను, సుమారు 107 నాటికల్ మైళ్లు వచ్చింది. గీత చూస్తే సరిగ్గా తిరుమల కొండ మీదుగా, గుడికి కిలోమీటరు దూరం కూడా లేకుండా పోతోంది. వెళ్లేది పడమర దిక్కు కాబట్టి, ఆ దిక్కుకు కేటాయించిన ఎత్తుల్లో ఒకటైన 6,500 అడుగులని రాశాను. పక్కనున్న మిత్రుడు "అది క్లాస్ డి, అక్కడ ఎగరకూడదు" అన్నాడు. సార్ నవ్వి ఊరుకున్నారు. ఎవరిది ఒప్పు?

పాత_ఇన్‌స్ట్రక్టర్:
మీ మిత్రుడు రెండు వేర్వేరు సరుకులను ఒకే మూటలో కట్టాడు. ఎ నుంచి జి వరకు ఉన్న గగనతల తరగతులు ఎవరికి ఏ సేవ అందుతుందో, ఎవరు అనుమతి అడగాలో చెబుతాయి. క్లాస్ డి అంటే వేసిన తలుపు కాదు, తట్టి లోపలికి రావలసిన తలుపు. టవర్‌తో రేడియోలో మాట్లాడాలి, క్లియరెన్స్ తీసుకోవాలి. 10,000 అడుగుల లోపు 250 నాట్ల (గంటకు 250 నాటికల్ మైళ్ల) వేగం దాటకూడదు. 5 కిలోమీటర్ల విజిబిలిటీ ఉండాలి. మేఘానికి పక్కగా 1,500 మీటర్లు, పైకీ కిందికీ 1,000 అడుగులు ఎడం ఉండాలి. ఎగరకూడని చోటును నిషిద్ధ ప్రాంతం అంటారు. దానికి పటంలో వేరే గుర్తు ఉంటుంది. రాష్ట్రపతి భవన్ మీద ఉన్నది అది.

అలిపిరి_మెట్టు:
గుర్తు లేకపోతే ఎగరవచ్చన్నమాట! వైఖానస ఆగమం ప్రకారం ఆనందనిలయం మీదుగా ఏదీ పోకూడదు. 2025 మార్చిలో టీటీడీ ఛైర్మన్ బి.ఆర్. నాయుడు గారు కేంద్ర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారికి ఇదే విషయమై లేఖ రాశారు. అంతకుముందూ ఎన్నిసార్లో అడిగారు. స్కేలు పట్టుకునే ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగదా బాబూ?

గోవిందరాజ_వీధి:
గర్భగుడి పైనున్నదీ విమానమే. విమానం మీద విమానం వద్దంటే వ్యాకరణం కూడా ఒప్పుకుంటుంది.

పుత్తూరు_మామిడి:
ఆగమాలు, తరగతులు పక్కన పెట్టండి. మా అబ్బాయి కోసం ఎకరా తోతాపురి తోట అమ్మాను. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగిరి ఉండాలి, మూడేళ్లయినా పూర్తి కాలేదు. ఒక రోజు వాతావరణం, ఇంకో రోజు అనుమతి, మరో రోజు విమానం రిపేరు. కొండ చుట్టూ తిరిగి వెళ్లమంటే ఆ ఇంధనం ఎవరి నెత్తిన? డి తరగతిలో టవర్ అందరినీ దూరంగా ఉంచుతుంది కదా, నేరుగా పోనిస్తే ఏమిటి నష్టం?

పాత_ఇన్‌స్ట్రక్టర్:
అయ్యా, ఈ మాట మీ అబ్బాయి నమ్మితే ప్రమాదం. డి తరగతిలో టవర్ ఎడం పాటించేది ఐఎఫ్ఆర్ (పరికరాల ఆధారంగా ఎగిరే) విమానాల మధ్యనే. వీఎఫ్ఆర్‌లో ఉన్న మీవాడికి "ఫలానా వైపు ఫలానా విమానం ఉంది" అని సమాచారం మాత్రం అందుతుంది. చూసి తప్పుకోవలసింది అతడే. "టవర్ చూసుకుంటుంది" అనే విద్యార్థిని నేను సోలోకు, అంటే ఒంటరిగా ఎగరడానికి, వదిలేవాణ్ణి కాదు.

పుత్తూరు_మామిడి:
అందుకే మీలాంటివారి దగ్గర గంటలు కదలవు.

అలిపిరి_మెట్టు:
ఇంధనం లెక్కలు తర్వాత. సుప్రభాతం వేళ పైన ఇంజను మోత వినిపిస్తే ఎలా ఉంటుందో ఆలోచించారా?

పాత_ఇన్‌స్ట్రక్టర్:
స్వామీ, సూర్యోదయానికి 20 నిమిషాల ముందు వరకు మన దేశంలో వీఎఫ్ఆర్ ప్రయాణమే ఉండదు, టవర్ ప్రత్యేకంగా మినహాయింపు ఇస్తే తప్ప. సుప్రభాతం వేళకు ఈ కుర్రాడు దుప్పటి కప్పుకుని ఉంటాడు. ఇక పగలంటారా, కొండ ఎత్తు సుమారు 2,800 అడుగులు. 6,500లో పోతే గుడికి 3,700 అడుగుల పైన ఉంటాడు. జనం మీద కనీసం ఉండవలసింది 1,000 అడుగులు. కింద మీకు వినిపించేది ఘాట్ రోడ్డు బస్సు మోత.

అలిపిరి_మెట్టు:
సరే, మోత సంగతి వదిలేశాను. 3,550 మెట్లు ఎక్కి వెళ్లేవాడికి అడుగుల లెక్క మీరు చెప్పనక్కరలేదు. నేను అడిగేది ఒక్కటే. ఢిల్లీలో ఒక భవనానికి ఇచ్చిన గుర్తు మా కొండకు ఎందుకు ఇవ్వరు? షార్‌లో (శ్రీహరికోటలో) రాకెట్టు ఎగిరితే నోటామ్ (పైలట్లకు హెచ్చరిక ప్రకటన) ఇచ్చి ఆకాశం ఖాళీ చేస్తారు. రాకెట్టుకు ఉన్న మర్యాద స్వామికి లేదా?

పాత_ఇన్‌స్ట్రక్టర్:
చివరికి అసలు మాట బయటికి వచ్చింది. మీకు కావలసింది నిశ్శబ్దం కాదు, హోదా.

అలిపిరి_మెట్టు:
అవును, హోదాయే. అడిగితే తప్పా?

పాత_ఇన్‌స్ట్రక్టర్:
తప్పనలేదు. నా భయం కూడా చెబుతాను. విద్యార్థిగా నాకు అరవై గంటల అనుభవం ఉన్న రోజులు. నవంబరు మాసం, ఈశాన్య రుతుపవనాలు. శేషాచలం మీద మేఘం అప్పటిదాకా దూది పింజలా ఉంది. పది నిమిషాల్లో ముందర గోడ లేచింది. విండ్‌షీల్డు మీద చినుకులు పక్కకు పాకుతున్నాయి, చేతిలో పటం తడిసి మెత్తబడింది, అది నా చెమటకే. ఎడమకు తిరిగాను, బయటపడ్డాను. ఆ ఎడమ వైపు నిషిద్ధ ప్రాంతపు ఎర్ర గీత ఉండి ఉంటే? నిబంధనకు భయపడి మేఘంలోకి దూరే పిల్లవాడు ఎక్కడైనా ఉంటాడు. గుర్తు పెట్టమని అడిగేవారు ఆ పిల్లవాణ్ణి కూడా లెక్కలో వేసుకోవాలి.

అలిపిరి_మెట్టు:
ప్రాణం మీదికి వస్తే తిరగవద్దని ఏ ఆగమమూ చెప్పదు.

పాత_ఇన్‌స్ట్రక్టర్:
ఆ సంగతి పందొమ్మిదేళ్లవాడికి ఆ క్షణంలో గుర్తుకు రావాలి.

రేణిగుంట_విద్యార్థి:
నేను పరీక్షలో ఏమని రాయాలి సార్?

పాత_ఇన్‌స్ట్రక్టర్:
క్లాస్ డి, క్లియరెన్స్‌తో వెళ్లవచ్చు అని రాయండి. ప్లానులో గీతను మాత్రం దక్షిణానికి, చంద్రగిరి మీదుగా వంచండి. ఇంజను ఆగితే దిగడానికి అటు పొలాలైనా ఉంటాయి, అడవిలో ఏముంది?

అలిపిరి_మెట్టు:
కారణం ఏదైతేనేమి, గీత జరిగింది.

రేణిగుంట_విద్యార్థి:
చంద్రగిరి మీదుగా మళ్లీ లెక్క వేశాను. పెరిగింది రెండే నాటికల్ మైళ్లు. 100 నాట్ల వేగంతో నిమిషం పైచిలుకు.

పుత్తూరు_మామిడి:
ఆ నిమిషానికీ బిల్లు వేస్తారు, చూస్తూ ఉండండి.