ఏడడుగులు పెరిగిన మెట్టతామర, పువ్వు మాత్రం లేదు

హనుమకొండ పెరడు:
అందరికీ నమస్కారం. మూడేళ్ల కింద రాజమండ్రి పెళ్లికి వెళ్లి వస్తూ కడియం నర్సరీలో ఆగి కెన్నా దుంపలు ఐదు తెచ్చుకున్నాను. మా అత్తమ్మ వీటిని మెట్టతామర అంటుంది. ఎర్రవి రెండు, పసుపు మీద ఎర్రచుక్కలవి మూడు అని చెప్పి ఇచ్చారు. తీరా పూశాక చూస్తే నాలుగు ఎర్రవే! సరే, ఆ సంగతి వదిలేద్దాం.

తూర్పు ప్రహరీ పక్కన, బట్టలుతికే బండ నీళ్లు పారే చోట పెట్టాను. మొదటి రెండేళ్లూ విరగబూశాయి. పోయినేడు బతుకమ్మలో గునుగు, తంగేడు మధ్య ఒక వరస ఇవే పేర్చాం (సాయంత్రానికే వాడిపోయాయి, అది వేరే కథ). ఈ ఏడు మాత్రం ఏదో తేడా కొడుతోంది. నేను ఐదడుగుల మూడంగుళాలు. మొక్కలు నాకంటే రెండడుగులు ఎత్తున్నాయి. ఆకులేమో అరిటాకులంత. సెప్టెంబరు సగమైపోయినా వచ్చిన పూల కంకులు మూడే మూడు. మొన్నటి గాలివానకి నాలుగు కాండాలు పక్కకి ఒరిగాయి. కొత్త ఆకులు కొన్ని విచ్చుకోకుండా చుట్టుకుపోతున్నాయి, విచ్చుకున్న వాటికి కాగితం మడిచి పంచ్ చేసినట్టు వరసగా కన్నాలు.

వేసవిలో పశువుల ఎరువు రెండు గంపలు వేశాను. జూన్ నుంచి నెలకో గుప్పెడు యూరియా. ఇంతకంటే ఏం చెయ్యాలో తెలియట్లేదు. పూసి ఎండిన కాండాలు కొయ్యడానికి చేతులు రావడం లేదు, మళ్లీ అక్కడే పూస్తుందేమోనని ఆశ. ఆ, ఇంకోటి. పక్కింటి వాళ్లు ఈ వేసవిలోనే పై అంతస్తు వేశారు. దీనికీ దానికీ సంబంధం ఉంటుందా?

మిద్దెతోట:
పూలమొక్కల పొడి ఏదైనా వెయ్యండి అక్కా. నా గులాబీలకి బాగా పనిచేసింది.

గోదారి బాబాయ్:
అమ్మా, పొడీ వద్దు గిడీ వద్దు. ముందు ఆ యూరియా సంచి మూతి కట్టెయ్యండి. మీరు పోతూ పోతూ అన్న పక్కింటి మాటే అసలు మాట. కెన్నాకి రోజుకి ఆరు గంటలైనా నేరుగా ఎండ పడాలి. పొద్దుటి ఎండంతా ఆ కొత్త గోడ మింగేస్తుంటే మొక్క వెలుతురు కోసం పైకి సాగుతోంది. దానికి తోడు మీరు పోసిన యూరియాలోని నత్రజని. ఇంక ఆకూ కాండమూ పెరగక ఏం చేస్తాయి? అలా మెత్తగా ఎదిగిన కాండం గాలికి ఆగదు. ఒక ఆదివారం గంట గంటకీ వెళ్లి మడి మీద ఎండ ఉందో లేదో చూసి గోడ మీద బొగ్గుతో గీత పెట్టండి. తేలిపోతుంది.

కొయ్యడం గురించి. అరటి గెల వేశాక ఆ చెట్టును నరికేస్తాం కదా, ఇదీ అంతే. అల్లం, పసుపు, అరటి, కెన్నా అన్నీ ఒకదానికొకటి చుట్టాలే. ఒక కాండం తన పూత అయ్యాక మళ్లీ పుయ్యదు, పక్కన దుంపలోంచి వచ్చే పిలకే పూస్తుంది. అయితే మొదటి కంకి వాడగానే కత్తి తీయకండి. దాని కింద గణుపులోంచి ఇంకో కంకి లేస్తుంది. వాడిన కంకి వరకే తుంచి ఆగండి. ఇంక కొత్త మొగ్గ రాదని తేలాక కాండాన్ని నేల దగ్గరికి కోసెయ్యండి. నేనూ మొదట్లో మీలాగే జాలిపడి ఉంచేవాణ్ణి. ఎండు కాండాల మధ్య నత్తలు కాపురం పెట్టాయి.

ఆ చుట్టలు విప్పి చూడండి, లోపల పచ్చటి పురుగు ఉంటుంది. ఆకు చుట్టగా ఉన్నప్పుడే తొలుస్తుంది, అందుకే విచ్చుకున్నాక కన్నాలు వరసగా కనపడతాయి. ఐదు మొక్కలకి మందెందుకు, చేత్తో నలిపెయ్యండి. చెయ్యి పెట్టలేకపోతే లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట చుట్ట లోపలికి పడేలా కొట్టండి. ఆకు ఈనెల వెంబడి పసుపు చారలు కనపడితే మాత్రం అది పురుగు కాదు, వైరస్. దానికి మందు లేదు. దుంపతో సహా పీకి పారేసి, కత్తి కడుక్కోవాలి.

మూడేళ్లయింది కాబట్టి దుంపలు కూడా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. మా బోదె గట్టున నేను ఐదేళ్లు ముట్టుకోకుండా వదిలేస్తే దుంపలు మట్టి పైకి తేలి, పూత సగానికి పడిపోయింది. ఆ ఏడు గునపంతో తవ్వితే రెండు తట్టలు వచ్చాయి. వీధి వీధంతా పంచాను. అప్పట్నుంచి శివరాత్రి వెళ్లాక, చలి తగ్గి మొక్క కదిలే వేళకి విడదీస్తున్నా. ముక్కకి రెండు మూడు కళ్లు (మొలకెత్తే మొగ్గలు) ఉండాలి. నాలుగంగుళాల లోతు, రెండడుగుల ఎడం చాలు. వేసవిలో మీకు నీళ్లకి ఇబ్బందైతే మృగశిర దాకా ఆగండి.

బట్టల నీళ్ల గురించి బెంగ వద్దు. మురుగు నీళ్లు శుద్ధి చేసే మడుల్లో కూడా కెన్నాలు నాటుతారు. బ్లీచింగ్ కలిపిన నీళ్లు మాత్రం అటు పోనివ్వకండి.

ఎడిసన్ వదిన:
మీరంతా అదృష్టవంతులు, దుంప నేలలోనే ఉంటుంది. మాకు ఇక్కడ న్యూజెర్సీలో శీతాకాలం అలా వదిలేస్తే దుంప గడ్డకట్టి కుళ్లిపోతుంది. మంచుకి ఆకులు నల్లబడగానే కాండాలు కోసి, దుంపలు తవ్వి, మట్టి దులిపి అట్టపెట్టెలో ఎండు పీట్ (కుండీల్లో వాడే నాచు పొడి) మధ్య పెట్టి బేస్‌మెంట్లో దాస్తా. మొదటి ఏడాది తెలివిగా ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి పెట్టాను. జనవరిలో తీస్తే ఆవకాయ ముక్కల్లా మెత్తగా, నీళ్లోడుతూ! మార్చిలో కుండీల్లో పెట్టి మే సగంలో బయటికి తెస్తా. ఆగస్టుకి కిటికీ దాటిపోతాయి. ఒరిగే వాటికి మేం టమాటా కర్రలు పాతి పాత చున్నీతో వదులుగా కడతాం, పురికొస కాండంలోకి దిగి కోసేస్తుంది.

హనుమకొండ పెరడు:
బాబాయ్ గారూ, మీరన్నట్టే బొగ్గు గీతలు పెట్టాను. ఎండ పడ్డది పదకొండుంపావు నుంచి రెండు దాకా, అంతే. మూడు గంటలు కూడా లేదు. చుట్టలు విప్పితే పద్నాలుగు పురుగులు. మా అబ్బాయి లెక్కపెట్టాడు, చంపింది మాత్రం నేనే. పూత అయిపోయిన కాండాలు ఏడు కోసేశాను. కోసేటప్పుడు మనసొప్పలేదు కానీ అడుగున అరచేతి ఎత్తు పిలకలు తొమ్మిది కనపడ్డాయి.

పడమర గేటు పక్కన మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మంచి ఎండ. మా ఆయన స్కూటర్ పెట్టుకునే చోటది, బేరం నడుస్తోంది. ఇప్పుడే మార్చెయ్యొచ్చా, శివరాత్రి దాకా ఆగాలా?

గోదారి బాబాయ్:
నేలలో ఇంకా వెచ్చదనం ఉంది కాబట్టి సగం ఇప్పుడే మార్చండి. పెద్ద ఆకులు కోసేసి, పిలక ఉన్న దుంపలే తియ్యండి, వేళ్లతో మట్టి గడ్డ పట్టుకుని ఉండాలి. మిగతా సగం శివరాత్రి తర్వాత. ఏదైనా తేడా వస్తే విత్తనానికైనా ఉంటుంది. ఈ బతుకమ్మకి మాత్రం ఆశ పెట్టుకోకండి. స్కూటర్‌కి ఆ తూర్పు గోడ నీడ చూపించండి, సీటు కూడా కాలదు.