నాగావళి ఎగువన కరువు లెక్క ఎలా?

ప్రశ్న: మాది రాయగడ. ఈసారి వర్షపాతం మామూలే అంటున్నారు, కానీ మా చోడి చేలో ఆగస్టులోనే నేల వేలు దూరేంత నెర్రెలు విచ్చింది. కరువుని దేంతో కొలవాలండి?

జవాబు: ఏడాది మొత్తం చూస్తే తెలీదు బాబూ. ఎస్‌పీఐ (వాన మామూలు కంటే ఎంత ఎక్కువో తక్కువో చెప్పే సూచిక) వేయండి, కనీసం 30 ఏళ్ల వాన లెక్కలు కావాలి. పంటకి 3 నెలలది, నదికీ బావికీ 12 నెలలది చూడాలి. మైనస్ 1కి దిగితే కరువే.

జవాబు: ఎస్‌పీఐలో వాన ఒక్కటే ఉంటుంది, ఎండకి ఆవిరయ్యేది రాదు, దాన్నీ కలిపి చూసే ఎస్‌పీఈఐ నయం. వాతావరణ శాఖ దేశాన్ని 0.25 డిగ్రీల గడులుగా విడగొట్టి ఇచ్చే వాన డేటా 1901 నుంచి ఉంది గానీ ఒక్కో గడి దాదాపు 27 కిలోమీటర్లు, కొండా లోయా అందులో కలిసిపోతాయి. అందుకే గుణుపురం దగ్గర మేం కొండ ఊట ఆగిన తేదీ కూడా రాసుకుంటాం.

ప్రశ్న అడిగినాయన: మా ఊట దసరాకే సన్నబడిందండి. రేపట్నుంచి రాస్తాను.