నల్‌ని "శూన్యం" అనొచ్చా?

గ్రూపులో పెద్దలకి ఒక డౌట్ అండీ. మాది గుంటూరు, మిర్చి కమీషన్ వ్యాపారానికి పనికొచ్చే చిన్న యాప్ తెలుగులో చేస్తున్నాం. పాత టేబుల్లో లాట్ నంబరు, వెరైటీ, టిక్కీలు (మిర్చి బస్తాలు), రేటు అంతే ఉండేది, ఇప్పుడు తేమ శాతం, ఏసీ సరుకా (కోల్డ్ స్టోరేజీలో పెట్టిందా) నాన్ ఏసీనా, కోల్డ్ స్టోరేజీ పేరు అని మూడు కాలమ్స్ కలిపాం. కొత్త కాలమ్ కలపగానే పాత లాట్లన్నిటికీ అక్కడ నల్ (NULL, ఆ గడిలో ఏ విలువా లేదని డేటాబేస్ పెట్టే గుర్తు) వచ్చి కూర్చుంటది కదా, దాన్ని తెరమీద ఏమని చూపించాలి? పదకోశాల్లో శూన్యం అని ఉంది, అదే పెట్టేద్దామా?

↳ వద్దు బ్రో. "తేమ: శూన్యం" అని చూస్తే రైతు ఏమనుకుంటాడు, కాయ బాగా ఎండింది అనుకుంటాడు.

↳ పై తమ్ముడు చెప్పింది కరెక్టే. సున్న అనేది శూన్యానికి వికృతి, ప్రకృతి వికృతుల పట్టికలో చిన్నప్పుడు అందరం బట్టీ పట్టిందే. అంటే నల్‌ని శూన్యం అంటే దాన్ని మళ్ళీ సున్నా అన్నట్టే, మీకు కావాల్సిందేమో సున్నా కానిది.

↳ మాస్టారూ, ఇది మాటతో ఆగదు, లెక్క కూడా తప్పుద్ది. ఐదు లాట్లలో మూడిటికి తేమ 12 శాతం, రెండిటికి అసలు చూడలేదు అనుకోండి. ఆ రెండిటికీ 0 కొడితే సగటు 7.2 అయిద్ది. నల్‌గా వదిలేస్తే ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని అడిగే భాష) వాటిని పక్కన పెట్టి 12 అనే చెప్పిద్ది. మా బెజవాడ ఆఫీసులో కొత్తగా వచ్చిన పిల్లలు కాలమ్ కలిపేటప్పుడు డిఫాల్ట్ (ఏమీ రాయకపోతే దానంతటదే పడే విలువ) 0 పెట్టేస్తారు, ఎర్రర్ రాదు కాబట్టి ఎవరికీ తెలీదు, అదే అసలు చిరాకు.

↳ ఇంకోటి చూడండి. నాన్ ఏసీ సరుకు కోల్డ్ స్టోరేజీ మొహమే చూడదు, దానికి స్టోరేజీ పేరు ఖాళీగా ఉండటం న్యాయమే. ఏసీ సరుకుకి కూడా ఖాళీగా ఉందంటే గుమస్తా రాయలేదని. రెండూ నల్లే, కానీ రెంటికీ ఒకే మాట ఎట్లా కుదిరిద్ది? రిలేషనల్ మోడల్ (డేటాని ఇట్లా టేబుల్స్‌గా పెట్టే పద్ధతి) 1970లో చెప్పిన ఎడ్గర్ కాడ్ గారే 1990కల్లా ఒక్క గుర్తు చాలదు, తెలీనిదానికొకటి, వర్తించనిదానికొకటి కావాలన్నారు. ఎస్‌క్యూఎల్‌లో మాత్రం ఇప్పటికీ ఒకటే నల్.

↳ "లేదు" అని పెడితే?

↳ లేదు అంటే తేమ లేదనా, రాయలేదనా అమ్మా? క్రియతో చెప్తేనే తెలుగులో తేలుద్ది. కొలవలేదు, రాయలేదు, వర్తించదు.

↳ అడిగినోణ్ణే. బాగుందండీ, నల్‌ని నల్‌గానే ఉంచి పక్కన "కారణం" అని ఇంకో కాలమ్ పెడతా, అందులో ఈ మూడే. పాత లాట్లన్నిటికీ తేమ పక్కన "కొలవలేదు". అన్నట్టు వెరైటీ కాలమ్‌ని మొదట్లో ఎవరో నంబర్ టైపుగా (అంకెలే పట్టేట్టు) పెట్టారు, 334, 341 ఉన్నన్నాళ్ళు బానే నడిచింది, తేజ, బాడిగ రాగానే ఆగింది. టెక్స్ట్‌కి మార్చాం. ఆ 334 అసలు లెక్కే కాదు కదా, పేరు. డేటాటైప్‌ని (కాలమ్‌లో అంకెలా, అక్షరాలా అని చెప్పేదాన్ని) కూడా "రకం" అంటే మా యార్డులో ఇంక గందరగోళమే, రకం అంటే అక్కడ వెరైటీ. అందుకే టైపు అనే ఉంచేశాం.

↳ టైపే బెటర్, అందరికీ అర్థమయ్యేదే.

↳ ఆ కారణం కాలమ్‌కి సైజు ఎంత ఇచ్చారు? కొన్ని డేటాబేసుల్లో సైజు అక్షరాల్లో కాదు, బైట్లలో లెక్క. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) మన తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు, గుణింతం, పొల్లు, అక్షరం పక్కన పెట్టే సున్న (ం) అన్నీ విడివిడిగా లెక్కే. "కొలవలేదు"కి 24, "వర్తించదు"కి 27 అవుతాయి. 20 ఇచ్చుంటే అది సేవ్ కాదు.

↳ 20యే ఇచ్చానండీ 😅 ఇప్పుడే మారుస్తా.

↳ మార్చేదేదో టేబుల్లో 1, 2, 3 కోడ్లు పెట్టి, మాటలు వేరే చిన్న టేబుల్లో ఉంచు బ్రో. రేపు మాస్టారు ఇంకో మంచి మాట చెప్తే ఒక్కచోట మారిస్తే చాలు.