అప్‌డేట్: పుణె నుంచి పాలమూరుకు తిరిగి రావడం గురించి

పుణెలో భవన నిర్మాణ పనిలో ఉన్న మా అన్నయ్య కుటుంబం పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా)లోని కోస్గి దగ్గరి మా ఊరికి తిరిగి వస్తే బతకగలదా అని ఇంతకుముందు అడిగాను. పాలమూరుకు నీళ్లు వచ్చాయి కనుక రమ్మనండని ఎక్కువమంది చెప్పారు.

నీళ్లు వచ్చిన మాట నిజమే గానీ, అన్ని వైపులకూ రాలేదు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని ఎత్తిపోసే కల్వకుర్తి పథకం వల్ల నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రాంతాల్లో కాలువల కింద వరి సాగు పెరిగి, వలస వెళ్లినవారిలో కొందరు తిరిగి వచ్చారు. మా వైపు తలపెట్టిన నారాయణపేట-కొడంగల్ ఎత్తిపోతలకు శంకుస్థాపన జరిగిందే 2024 ఫిబ్రవరిలో. అది పూర్తయ్యేదాకా మా చెల్క (మెట్ట పొలం) వాననే నమ్ముకోవాలి. కంది, పత్తి ఇంటికి చేరాక వేసవిలో చేయడానికి పనే ఉండదు.

అయితే అన్నయ్యను ఆపుతున్నది నీటికంటే ముందు, కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు. బోరు అప్పు తీర్చడానికి ఒకేసారి తెచ్చిన ఆ సొమ్మును కూలిలో కోసుకుంటారు కాబట్టి, అది తీరేవరకు పని వదిలే వీలు లేదు. ఈ సంగతి ఎవరూ ప్రస్తావించకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంది.

చివరికి వదిన, పిల్లలు బడులు తెరిచేనాటికి ఊరికి వస్తున్నారు. అన్నయ్య అడ్వాన్సు తీరేదాకా పుణెలోనే ఉంటాడు. పొలం ఈ ఏడు కౌలుకు ఇచ్చాం.