ఖెస్సల్ క్రీములు ఒక్కసారిగా మానేయొచ్చా?

ప్రశ్న: రంగు తేలాలని ఒళ్లంతా క్రీములు రాసుకోవడాన్ని సెనెగల్‌లో ఖెస్సల్ అంటారు. అక్కడి రాజధాని డాకర్‌లో ఏళ్ల తరబడి వాడిన అమ్మాయిలు మానేద్దామని చూస్తారు. నాలుగు రోజులకే ముఖం మండిపోతుంది, మచ్చలు ముదురుతాయి, భయపడి మళ్లీ డబ్బా మూత తీస్తారు. వీళ్లకు ఏం చెప్పాలి?

జవాబు 1: డబ్బాలో ఏముందో తెలియకుండా "మానెయ్యి" అనకండి. ఎక్కువగా కనిపించేవి మూడు: హైడ్రోక్వినోన్ (చర్మం రంగు తగ్గించే రసాయనం), పాదరసం, క్లోబెటసాల్. మొదటి రెండూ ఇవాళే ఆపేయాలి. క్లోబెటసాల్ అలా కాదు, అది చాలా బలమైన స్టెరాయిడ్. 0.05 శాతమే ఉన్నా నెలల తరబడి ఒళ్లంతా పూస్తే రక్తంలోకి దిగి, కార్టిసాల్ అనే హార్మోన్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథులను మందగింపజేస్తుంది. హఠాత్తుగా మానితే నీరసం, వాంతులు, కళ్లు తిరగడం రావచ్చు. అందుకే డాక్టర్లు పొద్దున్నే కార్టిసాల్ పరీక్ష చేయించి, తక్కువ బలమున్న స్టెరాయిడ్‌కు మార్చి, రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు అంటూ తగ్గిస్తారు. మానగానే వచ్చే మంట చూసి "క్రీము లేకపోతే నా చర్మం ఇంతే" అనుకుంటారు పాపం. ఆ మంట పెట్టింది ఆ క్రీమే.

జవాబు 2: మచ్చల సంగతి వేరే. బుగ్గ ఎముకల మీద నీలం కలిసిన నలుపు, వేలితో తడిమితే సన్నటి గింజల్లా గరుకు ఉంటే అది ఓక్రోనోసిస్ కావచ్చు. హైడ్రోక్వినోన్ ఏళ్లపాటు వాడినందుకు, ఎండ తగిలే చోట వస్తుంది. మచ్చ పోవాలని అదే క్రీము ఇంకా దట్టంగా పూస్తారు, అది ఇంకా ముదురుతుంది. పూర్తిగా పోవడం చాలా కష్టం కాబట్టి త్వరగా గుర్తించాలి. ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ (ఎస్పీఎఫ్ 30 లేదా పైన) ముఖానికీ మెడకూ రెండు వేళ్ల పొడవున తీసుకోవాలి, ఎండలో రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. సౌందర్య క్రీముల్లో హైడ్రోక్వినోన్‌ను దక్షిణాఫ్రికా 1990లో, ఘనా 2016లో నిషేధించాయి. అయినా లేబుల్ మీద రాయకుండా అమ్మేవాళ్లున్నారు.

జవాబు 3: లేబుల్ మీద కాలోమెల్, మెర్క్యూరియో అని ఉన్నా, వెండి బంగారాలకు తగలనివ్వొద్దని ఉన్నా పాదరసమేనని అనుమానించండి. మూత్రంలో నురగ, కాళ్ల వాపు ఉంటే కిడ్నీ పరీక్షలు, మూత్రంలో పాదరసం పరీక్ష చేయించాలి. తువ్వాళ్లు, దుప్పట్ల ద్వారా ఇంట్లో పిల్లలకూ అంటుతుంది.

జవాబు 4: తిట్టడం వల్ల దాచుకోవడం నేర్చుకుంటారు, అంతే. వేలి కణుపులు నల్లగా మిగిలిపోతే నలుగురిలో చేతులు దాచుకునే పిల్లలు వాళ్లు. 2012లో డాకర్ వీధుల్లో "ఖెస్ పెచ్" అనే క్రీము హోర్డింగులు వెలిస్తే, "నూల్ కుక్" (కారు నలుపు) పేరుతో ఎదురు ప్రచారం లేచింది. దాంట్లో నాకు నచ్చింది, అమ్మాయిలను నిందించకుండా నలుపును మెచ్చుకోవడం. మీరూ అక్కడే మొదలుపెట్టండి. ఆ తర్వాత మూడే అడగండి: ఎన్నాళ్లుగా, ఎక్కడెక్కడ, రోజుకు ఎన్నిసార్లు? డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు డబ్బా కూడా పట్టుకెళ్లమనండి, ఖాళీదైనా సరే.