పదేళ్ల పిల్లల నవలలో వెట్టిచాకిరీ: ఎంతవరకు చూపించాలి?

కథల_సంచి: 9 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం నవల రాస్తున్నా. కాలం 1946, నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. కథంతా చాకలి ఇంటి పిల్లవాడిది. తల్లి రోజూ దొర గడీలో, అంటే అతని కోటలాంటి ఇంట్లో, కూలి లేకుండా పనిచేస్తుంది. చిత్తుప్రతి చదివిన స్నేహితులిద్దరూ "గడీ తగ్గించు, చెరువు, ఎడ్లబండి, బతుకమ్మ పెంచు" అంటున్నారు. మీరేమంటారు?

ఎర్రమట్టి: అలాగైతే 1946 ఎందుకు? ఆ ఏడాది జూలై 4న కడవెండిలో దొరలకు ఎదురు తిరిగిన ఊరి సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్యను కాల్చి చంపారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు పొలం పంట కోసం పెద్ద భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచింది. అవేవీ చెవిన పడనట్టు మీ పిల్లాడు చెరువులో ఈదుతూ కూర్చుంటే అది క్యాలెండర్ బొమ్మ, చరిత్ర కాదు.

ఐదో_తరగతి_టీచర్: ఎర్రమట్టి గారూ, క్లాసులో కొరడా సీన్ చదివితే పిల్లలు కొరడా గురించే మాట్లాడుకుంటారు. తల్లి పని గురించి ఒక్కరూ అడగరు. ఇంకో సంగతి. వెట్టి చేసిన కులాల పిల్లలూ నా ముందే కూర్చుంటారు. పుస్తకంలో తమ ముత్తాత ఎప్పుడు చూసినా "బాంచెన్, కాల్మొక్త" అంటూ వంగే కనిపిస్తే, వాళ్లు ఆ పేజీ ఎలా పైకి చదవాలి?

ఎర్రమట్టి: అది రాసే తీరు మీద అభ్యంతరం. వెట్టి మీద కాదు కదా.

పాత_పలక: టీచర్ గారి భయం నిజమే, కానీ వెట్టి అంటే దెబ్బలొక్కటే కాదు. కుమ్మరి కుండలివ్వాలి, గొల్లలు గొర్రెలివ్వాలి, మాదిగలు చెప్పులు కుట్టివ్వాలి, అన్నీ ఊరికే. తొలకరి పడితే రైతు ముందు దొర పొలం దున్నాలి. తన చేలో పదును ఆరిపోతున్నా సరే. ఈ ఒక్క సంగతి మీద ఒక అధ్యాయం రాయండి. ఊళ్లో నాగళ్లన్నీ దొర పొలంలో, పిల్లాడి స్నేహితుడి చేను ఎండలో. రక్తం చుక్క అక్కర్లేదు. అన్యాయం అంటే ఏంటో పదేళ్లవాడికి మనకంటే త్వరగా తెలుస్తుంది (ఇంట్లో పెద్దవాడికి ఒక ముక్క ఎక్కువ పెట్టి చూడండి!).

వంగడం దగ్గరే ఆగొద్దు. ఎవరో గోలకొండ పత్రిక పైకి చదువుతుంటే ఊరు చుట్టూ చేరి వినాలి. పిల్లాడు సంఘం (ఆంధ్ర మహాసభ) కబురు పక్క ఊరికి మోయాలి. అలాగని పదేళ్లవాడి చేత దొరను ఓడించకండి, అది సినిమా. బతుకమ్మనూ తీయొద్దు. ఆ బాణీల్లోనే ఉద్యమ పాటలు కట్టుకున్నారు.

తారీఖుల_పిచ్చి: ముగింపు జాగ్రత్త. 1948 సెప్టెంబర్ 17న హైదరాబాద్ రాజ్యం లొంగిపోయింది, అందరూ సుఖంగా ఉన్నారు అని రాస్తే తప్పు. తెలంగాణ రైతుల సాయుధ పోరాటం 1951 దాకా నడిచింది. 1946లోనే ఆపేయడం మంచిది.

ఐదో_తరగతి_టీచర్: దున్నకం అధ్యాయం వస్తే నేనే క్లాసులో చదివిస్తా. కాల్పులకు మాత్రం ఇంకా ఒప్పుకోను.

పాత_పలక: కాల్పులు కళ్ల ముందు జరగక్కర్లేదు. పక్క ఊరి నుంచి వార్తగా రానివ్వండి. కొమరయ్య పేరు మాత్రం ఉండాలి.

కథల_సంచి: అయితే ఆ కబురు మోసేది మావాడే. ఈ రాత్రికి కూర్చుంటా.