కమిటీవాళ్ళకు మెయింటెనెన్స్ మాఫీ చేయాలా, వద్దా?

మియాపూర్ 48
మాది 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఫ్లాటుకి నెలకు 3,500. వచ్చే ఆదివారం జనరల్ బాడీ. అజెండాలో ఈసారి కొత్త అంశం పెట్టారు: ప్రెసిడెంట్, సెక్రటరీ, ట్రెజరర్ ముగ్గురికీ పదవిలో ఉన్నన్నాళ్ళూ మెయింటెనెన్స్ మాఫీ. కారణం దాచలేదు. బ్యాంకులో రిటైరైన పెద్దాయన వరసగా మూడోసారి సెక్రటరీగా చేస్తున్నారు, ఇక నా వల్ల కాదన్నారు. నామినేషన్ ఒక్కటీ పడలేదు. "ఏదో ఒకటి ఇవ్వకపోతే ఎవరు ముందుకొస్తారు" అని వాట్సాప్ గ్రూపులో ఒకరన్నారు, అక్కణ్ణించి మొదలైంది.

లెక్క వేశాను. ముగ్గురికీ కలిపి ఏడాదికి 1,26,000. మిగతా 45 ఫ్లాట్లకు పంచితే నెలకు 233 రూపాయలు. పెద్ద భారమేం కాదు. అయినా మనసొప్పడం లేదు, అలాగని వద్దనడానికి గట్టి కారణమూ తోచడం లేదు. మీ దగ్గర ఎలా చేస్తున్నారు?

పాత ట్రెజరర్
గట్టి కారణం నేను చెబుతాను. ఊరికే చేసేవాడికున్న బలమల్లా "ఇది నాకు కుదరదండీ" అనగలగడం. నెలకు 3,500 మాఫీ అయిన మర్నాటి నుంచి ఆ మాట నోట రాదు. "కట్టకుండా ఉంటున్నారుగా, ఇది కూడా చూడండి" అంటారు. రోజుకు 120 రూపాయలు కూడా పడని డబ్బుకి, అర్ధరాత్రి ఫోన్ చేసే హక్కు 45 ఇళ్ళకు రాసిచ్చినట్టు.

ఇంకోటి. బకాయి అడగడానికి తలుపు తట్టేవాడు ముందు తను కట్టి ఉండాలి. మా దగ్గర నెలల తరబడి ఎగ్గొట్టిన ఒకాయన గుమ్మంలోనే అడిగాడు, "ఇంతకీ మీరెంత కడుతున్నారు సార్?" అని. అప్పటి సెక్రటరీకి మాఫీ ఉండేది. ఏం చెప్పాలో తెలీక తిరిగొచ్చేశారు.

నిజాంపేట సెక్రటరీ
ట్రెజరర్ గారూ, మాఫీ లేకపోయినా అర్ధరాత్రి ఫోన్లు వస్తూనే ఉన్నాయండీ. హక్కు ఎప్పుడో రాయించేసుకున్నారు, ఉచితంగా.

ఈ పనేమిటో చేసినవాళ్ళకు తప్ప తెలీదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. ఎండాకాలం మా వైపు మార్చి దాటితే బోరు గాలి కక్కుతుంది. తెల్లారి అయిదింటికి లేచి టాంకర్ కోసం ఫోన్లు. జలమండలి టాంకర్ బుక్ చేస్తే మన వంతు వచ్చేదాకా ఆగాలి, ప్రైవేటు వాడు ఆ రోజుకి ఎంత నోటికొస్తే అంత. నీళ్ళు సంపులో పడేదాకా అక్కడే నిలబడాలి, లేకపోతే సగం టాంకరుకే పూర్తి డబ్బులిచ్చి పంపుతాం. అది అయ్యేసరికి లిఫ్టు. ఏఎంసీలో, అంటే ఏడాది మరమ్మతుల ఒప్పందంలో, ఏ పార్టు ఉంది, ఏది లేదు అని ఆ కంపెనీవాడితో వాదన. వాచ్‌మన్ సంక్రాంతికి ఊరెళ్ళి చెప్పిన రోజుకి రాకపోతే గేటు దగ్గర ఎవరు? ఆ మధ్య మోటారు కాలిపోతే రీవైండింగ్ షాపుకి నా కారు డిక్కీలోనే వెళ్ళింది. ఆ గ్రీజు మరక ఇంకా పోలేదు.

2021లో ఉచిత నీళ్ళ పథకం వచ్చినప్పుడు చూడాలి. ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం, మంచిదే. కానీ అపార్ట్‌మెంటులో ఒక్కో ఫ్లాటు ఆధార్ కనెక్షన్ నంబరుకి లింక్ కావాలి. లింక్ కాని ఫ్లాటుకి మాఫీ లేదు, బిల్లు మాత్రం బిల్డింగు మొత్తానికి ఒకటే వస్తుంది. సగం మంది ఓనర్లు బయటి దేశాల్లో. ఓటీపీ కోసం ఒకాయనకి ఫోన్ చేస్తే, అక్కడ రాత్రి రెండైందట, నన్ను తిట్టి పెట్టేశాడు. గడువు పొడిగించిన ప్రతిసారీ గ్రూపులో నాకే ప్రశ్నలు, ఆ పథకం నేనే పెట్టినట్టు.

నలుగురి కోసం చేసే పని అంటారు. ఆ నలుగురిలో ముగ్గురు లెక్క అడగడానికే ఉంటారు. అడగాలి, కాదనను. కానీ చేసేవాడికి ఏదో ఒకటి ఇద్దామంటే ఆశపోతు అన్నట్టు చూడొద్దు. ఊరికే చేయించుకోవడానికి ఈ నేల మీద ఒక పేరుంది, వెట్టి.

మూడో అంతస్తు
మా దగ్గర ప్రెసిడెంట్‌కి ముగ్గురు పోటీ, సెక్రటరీకి ఎవరూ లేరు. ఒకరు ఆగస్టు 15కి జెండా ఎగరేస్తారు, ఇంకొకరు మోటారు స్విచ్ వేస్తారు. మాఫీ ఇచ్చేదేదో ఆ రెండోవాడికి ఇవ్వండి.

అద్దెకున్నవాణ్ణి
నన్ను ఎవరూ అడగలేదు గానీ చెప్తా. 233 పెరిగితే కట్టేది ఎవరన్నా? మా బిల్డింగులో అద్దెకున్నోళ్ళే మెయింటెనెన్స్ కడ్తరు. జనరల్ బాడీల మాకు ఓటు లేదు, కుర్చీ గూడ లేదు. పోయిన ఎండకాలం టాంకర్ల ఖర్చని ఒక నెల 800 ఎక్కువ ఏసిండ్రు. బిల్లులు సూపెట్టుండ్రి అంటే "మీ ఓనర్‌తోని అడిగియ్యి" అన్నరు. మా ఓనర్ బెంగళూరుల ఉంటడు, ఆయనకి ఈడ ఎన్ని టాంకర్లు వచ్చినయో ఏమెరుక. ఓనర్లు ఓనర్లకు మాఫీ రాసుకుంటరు, పైసలు మా జేబులకెళ్ళి. ఇయ్యాలనుకుంటే ఇయ్యండి, కానీ దాన్ని ఓనర్ల ఖాతల ఏసుకోండి.

మియాపూర్ 48
ఇది నాకు తట్టనే లేదు. మా 48లో 21 అద్దెకిచ్చినవే.

బైలాస్ బాబాయ్
న్యాయాన్యాయాల సంగతి తర్వాత, ముందు పద్ధతి చూడండి. మీ సంఘం ఏ చట్టం కింద రిజిస్టరైంది? హైదరాబాద్‌లో ఎక్కువ సంఘాలు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉంటాయి, కొన్ని 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద. ఏదైనా సరే, పదవిలో ఉన్నవాళ్ళకు డబ్బు రూపంలో లాభం చేకూరే పని కమిటీ తీర్మానంతో జరగకూడదు. బైలాలో, అంటే సంఘం నియమావళిలో, ఆ వెసులుబాటు ఉందా చూడండి. లేకపోతే సర్వసభ్య సమావేశంలో సవరించి రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయండి. లబ్ధి పొందే ముగ్గురూ ఆ ఓటింగుకి దూరంగా ఉంటే మర్యాదగా ఉంటుంది.

లెక్కల్లో మాత్రం "మాఫీ" అని రాయకండి. ఆ ముగ్గురి దగ్గరా 3,500 వసూలైనట్టు జమ చూపించి, గౌరవ వేతనంగా 3,500 ఖర్చు చూపించండి. అప్పుడే ఆడిట్‌లో కనిపిస్తుంది. వసూళ్ళలోంచి మూడు పేర్లు తీసేస్తే, కొన్నేళ్ళకి అవి ఎందుకు లేవో ఎవరికీ గుర్తుండదు. అది వాళ్ళ చేతికి ఆదాయమే కాబట్టి రిటర్నులో చూపించుకోవడం వాళ్ళ బాధ్యత.

రేపు గొడవైతే రిజిస్ట్రార్ దగ్గరికి పరిగెడతారు చాలామంది. 2001 చట్టం కింద సభ్యుల మధ్య వివాదానికి దారులు రెండు: మధ్యవర్తిత్వం, లేదా జిల్లా కోర్టు. నెలకు 233 కోసం జిల్లా కోర్టు మెట్లెక్కాలనుకుంటే మీ ఇష్టం.

సందేహాల రావు
బాబాయ్, మధ్యలో ఒకటి. 3,500 చొప్పున 48 అంటే ఏడాదికి 20 లక్షలు దాటింది. జీఎస్టీ కట్టాలి కదా?

బైలాస్ బాబాయ్
అక్కర్లేదు. సంఘం టర్నోవరు 20 లక్షలు దాటాలి, ఫ్లాటుకి నెల చందా 7,500 కూడా దాటాలి, రెండూ జరిగితేనే. మీరు 3,500 దగ్గరున్నారు. అడిగారు కాబట్టి ఇంకోటి చెబుతా. సభ్యుల దగ్గర వసూలు చేసి సభ్యుల మీదే ఖర్చుపెట్టేదానికి ఆదాయపు పన్ను పడదు. కానీ కార్పస్ ఫండ్‌ని, అంటే సంఘం మూలనిధిని, బ్యాంకులో ఎఫ్‌డీ వేస్తే ఆ వడ్డీకి ఈ రక్షణ లేదు, 2013లో బెంగళూరు క్లబ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. సంఘం పేరున పాన్ తీసుకోకుండా ట్రెజరర్ సొంత పేరున ఎఫ్‌డీ వేసిన సంఘాలు చూశాను. ఆయన ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోతే ఆ డబ్బు ఎవరిదో నిరూపించుకోండి ఇక.

పాత ట్రెజరర్
చూశారా, ఇదీ నేననేది. ఇది ఊళ్ళో పెద్దమనిషి తీరిక వేళ చేసే పని కాదు. పద్దులు రాయడానికి పార్ట్ టైం అకౌంటెంట్‌ని పెట్టుకోండి, ఆ 1,26,000లోనే వస్తాడు. బిల్లులు, రసీదులు, బకాయిల జాబితా అతని పని. ట్రెజరర్ సంతకం పెట్టేముందు చూస్తే చాలు. డబ్బిచ్చేది పనికివ్వండి. పదవికి కాదు.

నిజాంపేట సెక్రటరీ
48 ఫ్లాట్లకు కుదురుతుంది. నాది 18 ఫ్లాట్లు మాస్టారూ, అకౌంటెంట్‌ని పెడితే వాచ్‌మన్‌ని తీసేయాలి. పైగా అకౌంటెంట్ టాంకర్ దగ్గర నిలబడడు కదా.

వైజాగ్ వంతులు
మేం 15 ఇళ్ళం. మాఫీ లేదు, ఎన్నికలూ లేవు. ఏడాదికి మూడు ఇళ్ళ వంతు, ఫ్లాట్ నంబర్ల వరసలో. వంతు వద్దనుకున్నవాళ్ళు ఆ ఏడాదంతా నెలకు 500 ఎక్కువ కట్టాలి. మొదట్లో బాగానే నడిచింది. ఇప్పుడు బాగా సంపాదించేవాళ్ళంతా నవ్వుతూ 500 పడేసి తప్పుకుంటున్నారు, 500 బరువనిపించేవాళ్ళే చేస్తున్నారు. ఆరు వేలు పెట్టి ఏడాది ప్రశాంతత కొనుక్కుంటే చవకే అన్నాడు మా పై ఇంటాయన, నా మొహం మీదే. ఇది పెట్టేవాళ్ళు ఆలోచించుకుని పెట్టండి.

కూకట్‌పల్లి కోడలు
అందరూ "ఎవరూ రావడం లేదు" అంటున్నారు. ఎవర్ని రానిస్తున్నారో చూశారా? మా బైలాలో పోటీకి నిలబడాలంటే రిజిస్ట్రేషన్ పత్రంలో పేరుండాలి. మా ఫ్లాటు మావారి పేరున ఉంది. ఆయన పొద్దున వెళ్తే రాత్రి తొమ్మిదికి వస్తారు. పోయిన ఎండాకాలం టాంకర్ల రిజిస్టరు రాసింది నేను, పక్కింటి ఆవిడ. ఏ టాంకరు ఎన్నింటికి వచ్చింది, లెవెల్ ఎంత, అన్నీ. కమిటీలో పేర్లు మాత్రం మావారివి, ఆవిడ మావగారివి. రేపు మాఫీ ఇస్తే దాని పేరుతో దండ కూడా వాళ్ళకే వేస్తారు.

మియాపూర్ గారూ, మీ 48లో 21 అద్దెవి అన్నారు. మిగిలినవి 27. అందులో ఓనర్ పేరున్న మనిషికి పగలు ఇంట్లో ఉండే వీలున్నవి ఎన్ని? అయిదో ఆరో. ఆ ఆరుగురికి 3,500 ఆశ చూపించే బదులు తలుపు కొంచెం తెరవండి.

బైలాస్ బాబాయ్
అమ్మా, మంచి మాట. ఓనరు రాసిచ్చే అధికారపత్రంతో భార్య గానీ భర్త గానీ పోటీ చేయవచ్చని బైలాలో పెట్టుకున్న సంఘాలు ఉన్నాయి. ఎలాగూ సవరణ కోసం కూర్చుంటున్నారు, ఇదీ కలపండి.

ఫ్రిస్కో నుంచి
మా టెక్సస్‌లో హెచ్‌ఓఏ, అంటే ఇళ్ళ ఓనర్ల సంఘం, బోర్డులో ఉన్నాను. మాకు జీతం లేదు. రోజువారీ పని అంతా మేనేజ్‌మెంట్ కంపెనీది, మేం బడ్జెట్టూ కాంట్రాక్టులూ చూస్తాం. మా దగ్గర ఊరికే చేయడానికి చట్టం వైపు నుంచి కూడా ఒక లెక్కుంది. 1997 నాటి ఫెడరల్ చట్టం ఒకటి లాభాపేక్ష లేని సంస్థల వాలంటీర్లకు కేసుల నుంచి కొంత రక్షణ ఇస్తుంది, ఖర్చులు కాక ఏడాదికి 500 డాలర్లు మించి ముట్టినవాణ్ణి వాలంటీరు కింద లెక్కగట్టదు. హెచ్‌ఓఏలకు అది వర్తిస్తుందా అన్నది లాయర్ల గొడవ. ఏమైనా డబ్బు ముట్టుకోవడానికి జంకుతాం.

మూడో అంతస్తు
అన్నా, మీ హెచ్‌ఓఏ గడ్డి ఎత్తు పెరిగితే నోటీసు పంపుతుందట కదా. మా దగ్గర గడ్డే లేదు, అందుకే ప్రశాంతంగా ఉన్నాం.

మియాపూర్ 48
ఇక్కడ చదివినదాన్ని బట్టి తీర్మానం ఇలా మార్చి ఇద్దామనుకుంటున్నా. ప్రెసిడెంట్‌కి ఏమీ లేదు. పద్దులకు పార్ట్ టైం అకౌంటెంట్. ఫోను, పెట్రోలు, ఆటో ఖర్చులు బిల్లు చూపిస్తే కమిటీవాళ్ళందరికీ వెనక్కి. సెక్రటరీకి మాత్రం నెలకు 2,000 గౌరవ వేతనం, గత నెల లెక్క పదో తారీఖులోపు నోటీసు బోర్డు మీద పెట్టిన నెలకే. అద్దెకున్నవాళ్ళకూ ఆ లెక్క చూసే హక్కు, మీటింగులో మాట్లాడే హక్కు. భార్యాభర్తల్లో ఎవరైనా పోటీ చేయవచ్చు. ఒకే మనిషి వరసగా రెండుసార్లకు మించి వద్దు.

పాత ట్రెజరర్
2,000 అయినా నా మాట అదే. మిగతావన్నీ బాగున్నాయి. ఆ ఒక్క వాక్యం విడిగా ఓటింగుకి పెట్టండి, లేకపోతే దాన్ని పట్టుకుని మొత్తం తీర్మానాన్ని ఓడిస్తారు.

అద్దెకున్నవాణ్ణి
2,000 ఎవరి ఖాతల?

మియాపూర్ 48
ఓనర్ల దగ్గర ఏడాదికోసారి విడిగా వసూలు చేయాలని రాస్తాను. 48 ఫ్లాట్లకు పంచితే ఒక్కొక్కరికి 500.

నిజాంపేట సెక్రటరీ
బాగుంది. అజెండాలో ఇది ఎన్నో అంశం?

మియాపూర్ 48
ఏడోది. విజిటర్ పార్కింగ్ తర్వాత.

నిజాంపేట సెక్రటరీ
పార్కింగ్ తర్వాత అయితే అక్కడ మీరూ, సెక్రటరీగారూ, కుర్చీలు మడిచే వాచ్‌మనూ మిగులుతారు. కోరం ఉండగానే రెండో అంశంగా తీసుకోమని ఇవాళే రాసివ్వండి. టిఫిన్ ఆర్డరు ఇచ్చి ఉంటే అది కూడా ఓటింగు అయ్యాకే తెప్పించమనండి.